పచ్చబడేదాకా

ఇప్పుడు కాకినాడలో కడియం లేని చెయ్యి కనబడదు. ఒళ్ళు అలిసినా, లోపల కంగారు పుట్టినా కడియం ఎర్రబడుతుంది. తిరిగి పచ్చబడేదాకా మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు, ఆడకూడదు.

మా అపార్టుమెంటులో ఏటా అత్తలకూ కోడళ్ళకూ కబడ్డీ పోటీ. ఓడినవాళ్ళదే ఏడాదంతా ఆదివారం వంట. ఈసారి ఇద్దరత్తల్ని తాకొచ్చి పాయింట్లు సమానం చేశాను. రొప్పుతూ బెంచీ మీద కూలబడ్డాను. ఆఖరి కూత కూడా నాదే. ఈల వేసేలోగా కడియం పచ్చబడకపోతే ఆ కూత పోయినట్టే.

పచ్చబడబోతుండగా అత్తల కెప్టెన్, అంటే మా అత్తగారు కామేశ్వరిగారు, కుచ్చిళ్ళు దోపుకుంటూ పక్కకొచ్చారు.

"వేణీ, పొద్దున పులుసులో బెల్లం మర్చిపోయావమ్మా," అన్నారు ఎంతో ప్రేమగా.

కడియం మళ్ళీ ఎర్రబడింది.

"పోనీలే, అబ్బాయి పాపం నోరెత్తకుండా తినేశాడు."

ఇంకా ఎర్రబడింది. అప్పటికి గాని ఆవిడ ఎత్తు నాకర్థం కాలేదు. నీళ్ళ సీసా ఆవిడకందించాను.

"చెప్పడం మర్చిపోయానండి అత్తయ్యగారూ. మీ ఆడపడుచుగారు ఫోన్ చేశారు. ఈ ఎండాకాలమంతా మనింట్లోనే ఉంటారట."

ఆవిడ కడియం నా కడియం కన్నా ఎర్రగా వెలిగింది. రిఫరీ ఆవిణ్ణి కూడా బెంచీ మీద నా పక్కనే కూర్చోబెట్టింది.

ఆవిడ సీసాలో నీళ్ళన్నీ తాగేశారు.

"వదిన నిజంగా వస్తానందా?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

"లేదండి. మరి పులుసులో బెల్లం?"

"సరిగ్గానే ఉందే."

రెండు కడియాలూ ఒక్కసారే పచ్చబడ్డాయి.