ఇంకా పూర్తి కాలేదు

"మళ్లీ అదే వాక్యమా మేడం?" హేమ పుస్తకం బల్లమీద కొట్టింది.

మొగల్రాజపురంలో అదొక కోచింగ్ సెంటర్. జర్మనీ ఆస్పత్రుల్లో ఉద్యోగాల కోసం పద్నాలుగు మంది నర్సులు అక్కడ జర్మన్ నేర్చుకుంటున్నారు. డ్యూటీ మారేటప్పుడు ఎంత పని అయిందో ఆ భాషలో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో ముఖ్యంగా అడిగేది అదే.

పాఠం చెప్పే తెరేసమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. రోజూ పామర్రు నుంచి బస్సులో వస్తుంది. వారం నుంచి ఒకటే వాక్యం.

"ఇష్ బిన్ నొఖ్ నిష్ట్ ఫెర్టిగ్. నా పని ఇంకా పూర్తి కాలేదు. అనండమ్మా."

"మేం అక్కడికెళ్లి పని చెయ్యడానికా, కాలేదని చెప్పుకోడానికా?" హేమ గొంతు లేచింది.

"అయిందని ఎవరైనా చెబుతారమ్మా. కాలేదని చెప్పడానికే నోరు రాదు."

"మాకు నోరొస్తుంది లెండి! మీకే ఇంకో వాక్యం రాదేమో!"

క్లాసంతా నవ్వింది.

తెరేసమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంకొక్కసారి అనండి" అంది.

హేమ నేరుగా డైరెక్టర్ చక్రి గదిలోకి వెళ్లింది.

"మా నాన్న నాగాయలంకలో సముద్రం మీదకెళ్లి నన్ను చదివించాడు సార్. నెలలో ఇంటర్వ్యూ. ఈవిడ మా టైమంతా తినేస్తోంది. మారుస్తారా, మమ్మల్ని మానెయ్యమంటారా?"

మర్నాడు తెరేసమ్మ రాలేదు.

కొత్త సార్ చకచకా అరవై వాక్యాలు బట్టీ పట్టించాడు. ఒక్కదాంట్లోనూ 'కాలేదు' లేదు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. తెరమీద జర్మన్ హెడ్ నర్సు. జుట్టు నెరిసిన మనిషి.

"ఆరుగురికి బీపీ చూడాలి. నలుగురికే చూశావు. నీ డ్యూటీ అయిపోయింది. తర్వాతి నర్సుకి ఏం చెబుతావు?"

"ఫాస్ట్ ఫెర్టిగ్" అంది హేమ చిరునవ్వుతో. దాదాపు అయిపోయింది.

"ఎవరెవరికి కాలేదు?"

హేమ బట్టీ పట్టిన వాక్యాలన్నీ వెతుక్కుంది. అరవైలో ఏదీ పనికిరాలేదు.

"ఈసారికి తీసుకోలేం. సారీ" అంది హెడ్ నర్సు ఇంగ్లీషులో.

హేమకు ఒళ్లు మండిపోయింది. తనూ ఇంగ్లీషులోనే అంది.

"తప్పు మాది కాదండీ! తెరేసమ్మ గారని ఒకావిడ వారమంతా 'కాలేదు, కాలేదు' అనే నేర్పింది. మేం గొడవ చేస్తే గానీ మార్చలేదు!"

హెడ్ నర్సు కళ్లజోడు తీసింది.

"తెరేసాని తీసేశారా? ఆవిడ పాఠం చెబుతుందనే మీ సెంటర్ వాళ్లని ఇంటర్వ్యూ చెయ్యడానికి ఒప్పుకున్నాను."

"ఆవిడ మీకు తెలుసా అండీ?"

"ముప్పై ఏళ్ల కిందట మా ఊరి ఆస్పత్రిలో ఒక నర్సు, పని ఎక్కువై, ఒక రోగిని చూడకుండానే చూశానని చెప్పింది. మధ్యాహ్నానికి అతను పోయాడు. గుండెపోటన్నారు డాక్టర్లు. నర్సు మీద ఎవరికీ అనుమానం రాలేదు."

హేమ తెరకు దగ్గరగా వంగింది.

"మూడో రోజు ఆ నర్సు తనంతట తనే అతని ఇంటికెళ్లింది. జరిగిందంతా చెప్పి, ఏ శిక్షయినా వెయ్యమని గుమ్మంలో నిలబడింది."

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది.

"పోయింది మా నాన్న, తలుపు తీసింది నేను, గుమ్మంలో నిలబడింది తెరేసా."