తాళం వేసిన ఇళ్ళు

"నాలుగు వేల ఎనిమిది వందలు!"

వార్డు ప్రెసిడెంటు మునీంద్ర సభ్యత్వ పుస్తకాల్లోని పేర్లు మూడోసారి లెక్కపెట్టాడు.

అది 1999. బొమ్మనహళ్ళి పార్టీ ఆఫీసు. ఈసారి అసెంబ్లీ ఎన్నికల్లో వార్డులో మెజారిటీ చూపిస్తే, తర్వాత కౌన్సిలర్ టికెట్టు అతనికే అని పెద్దలు మాటిచ్చారు. పదిహేనేళ్ళు జెండాలు కట్టి మనిషి అలిసిపోయాడు.

"ఇంతమంది మెంబర్లుండారు, ఇంగ భయమేలన్నా?" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

ఆ పార్టీకి రాష్ట్రమంతటా లక్షల్లో సభ్యులు. అసెంబ్లీలో మాత్రం ఎమ్మెల్యేలంతా ఒక్క వ్యానులో పట్టేవారు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు.

అడిగింది ఒక ముసలాయన. చేతిలో గుడ్డసంచి, కాళ్ళకు అరిగిన చెప్పులు.

"అప్పా, మీ మెంబర్లలో ఆరువందల మందికి ఓటే లేదు. అంతా గార్మెంట్సులో పనిచేసే ఆడోళ్ళు."

"నీకెట్లా తెలుసు?"

"ఇల్లిల్లూ తిరిగినా. ఓటరు లిస్టులో పేరెక్కించమని అర్జీలు రాసి సంతకాలు పెట్టించినా. ఈ ఆదివారంతో గడువు అయిపోతాది. రెండు టెంపోలు ఇప్పిస్తే అందర్నీ తాలూకాఫీసుకు పిల్చుకొని పోతా."

మునీంద్ర చెవిలో ఎవరో గొణిగారు.

"నిన్న ఈయన్ను అవతలి పార్టీ ఆఫీసులో చూసినానన్నా."

మునీంద్రకు ఒళ్ళు మండింది.

"మా లెక్కలు తెలుసుకుని పోయేదానికి వచ్చినావా? లెయ్!"

"నాది ఏ పార్టీ కాదప్పా..."

"పో అంటే పో!"

ముసలాయన సంచి సర్దుకుని మెల్లగా మెట్లు దిగాడు. పేరైనా ఎవరూ అడగలేదు. ఆదివారం గడిచిపోయింది.

పోలింగు రోజున ఆడవాళ్ళు పార్టీ సభ్యత్వ రశీదులు పట్టుకుని బూతుకు వచ్చారు. అవి ఉంటే ఓటున్నట్టే అనుకున్నారు పాపం. లిస్టులో పేరు లేదంటే, పోగొట్టుకున్న పూట కూలి తలుచుకుంటూ వెనక్కి వెళ్ళారు.

వార్డులో అవతలి పార్టీకన్నా నాలుగు వందల ఓట్లు తగ్గాయి. అసెంబ్లీ సీటు పోయింది. దాంతోపాటే మునీంద్ర కౌన్సిలర్ టికెట్టూ పోయింది.

టీకొట్టు దగ్గర అవతలి పార్టీ రియాజ్ ఎదురయ్యాడు.

"ఆ ముసలాయన్ని బాగా వాడుకున్నారప్పా మీరు," అన్నాడు మునీంద్ర.

"మేమా? టెంపో అడిగితే మీ మనిషనుకొని మేమూ తరిమేసినామన్నా!"

మునీంద్ర టీ గ్లాసు కింద పెట్టేశాడు. గార్మెంట్సు ఆడవాళ్ళను అడిగి, అప్పుడే ముసలాయన ఇంటికి వెళ్ళాడు.

తలుపు తీసింది ఆయన భార్య సొన్నమ్మ. గోడమీద ఫోటోకు దండ వేసి ఉంది.

"రెండు నెలలాయప్పా. ఆ ఆదివారం అర్జీలన్నీ ఎత్తుకొని నడిచే పోయినాడు. మనుషులు రాకుంటే తీసుకునేది లేదన్నారంట. వచ్చి పడుకున్నోడు మళ్ళీ లేయలేదు."

మునీంద్రకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఏ పార్టీ కాకుంటే, ఆయనకెందుకమ్మా ఇన్ని తిప్పలు?"

సొన్నమ్మ ఒక పాత నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. నాలుగేళ్ళ కిందటి ఓటర్ల గణన. ఆ వీధుల్లోని ఇళ్ళ నంబర్లు వరసగా ఉన్నాయి. ప్రతి నంబరు పక్కనా, ఓటర్ల పేర్లు ఉండాల్సిన చోట, ఒకటే రాత: 'ఇంటికి తాళం.'

అడుగున సంతకం: రామాంజనేయులు.

ఎండలో తిరగలేక, ఒక్క తలుపూ తట్టకుండా, హోటల్లో కూర్చుని ఆ ఇళ్ళన్నిటికీ తాళం రాసేసిన స్కూలు అయ్యవారు ఆయనే.