రెండో ఫోను

భార్య మీద అనుమానం పుట్టాక అతను తన లాప్‌టాప్‌కి ఒక పని అప్పజెప్పాడు. రోజూ రాత్రి ఇంటి వైఫైకి ఏయే ఫోన్లు తగులుకున్నాయో చూపించే కమాండ్ నడవాలి. తెర మీద పడేదంతా ఆ తేదీ పేరుతో ఒక ఫైల్లో చేరాలి.

అతను నైట్ డ్యూటీలో ఉంటే ఆమె ఫోను ఒక్కటే కనిపించాలి. రెండు కనిపిస్తున్నాయి. రెండోదానికి పేరు లేదు, పొడుగాటి గుర్తు నంబరు తప్ప.

ఈ రాత్రి డ్యూటీకని బయల్దేరి, ఫోను ఆపి జేబులో పడేసుకుని, లాప్‌టాప్‌తో మేడమెట్ల మీద చీకట్లో కూర్చున్నాడు. కాసేపటికి తెర మీద ఆ నంబరు వచ్చింది. మెట్లు మాత్రం ఎవరూ ఎక్కలేదు.

లోపల ఆమె పకపకా నవ్వింది. తనతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో!

ఒళ్లు మండి, వాడెవడో తేల్చేద్దామని ఆ నంబరును పాత ఫైళ్లన్నింటిలో వెతికించాడు. తను ఇంట్లో ఉన్న రాత్రుల ఫైళ్లు ఇన్నాళ్లూ తెరిచి చూడలేదు. వాటిలో దొరికింది. ఆ రాత్రుల్లోనూ రెండే ఫోన్లు, ఒకటి ఆమెది, రెండోది ఇదే. అది తన ఫోనే.

జేబు తడుముకున్నాడు. ఫోను చల్లగా తగిలింది.

వెళ్లి తలుపు కొట్టాడు. నవ్వు ఆగింది.

"ఎవరూ?"

"నేనే. తలుపు తియ్యి."

లోపల ఆమె గొంతు తగ్గించింది. "ఏవండీ, అచ్చం మీ గొంతులాగే ఉంది. నాకు భయమేస్తోంది."

"నువ్వుండు బంగారం, నేను చూస్తాగా," అంది లోపల్నుంచి అతని గొంతే.

అంత మెత్తగా ఆమెతో తనెప్పుడూ మాట్లాడలేదు.

గడియ కదిలింది.