ఏ గదిలో వాసన?

"ఇంట్లో గుడ్లే లేవంటుంటే కుళ్ళిన గుడ్డు ఎక్కణ్ణుంచి వస్తుందత్తయ్యా?"

"అయితే నా ముక్కు అబద్ధం చెబుతోందా? రోజూ సాయంత్రమయ్యేసరికి ఇదే కంపు. ఆ ఫ్రిజ్ కడిగి ఎన్నాళ్ళయిందో!"

అత్తాకోడళ్ళ మధ్యనుంచి దూరి అతను టిఫిన్ క్యారియర్‌ని సింకులో పెట్టాడు.

"నాకే వాసనా రావడం లేదు. మీకు పోట్లాడుకోవడానికి గుడ్డయినా చాలు."

"మీకు పొయ్యి మీద కూర మాడినా తెలీదు లెండి," అంది భార్య.

అంతలో కూతురు ముక్కు మూసుకుంటూ వచ్చింది. "నిజమే నాన్నా. గుడ్డు కంపే."

అతని నవ్వు ఆగిపోయింది.

ఊరి అంచున, భూమి లోపలి ఉప్పు గుహలో హైడ్రోజన్ నింపి దాచే ప్లాంటులో అతను ఆపరేటరు. నేలకు దిగువన ఉన్న వాల్వుల గదిలో పని. కొన్నాళ్ళుగా గుహలో ప్రెషర్ పడిపోతోంది. ఎంత వెతికినా లీకు దొరకలేదు. ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి కారణం చెప్పింది. అడుగునున్న ఉప్పునీళ్ళలో సూక్ష్మజీవులు చేరాయట. హైడ్రోజన్ని తిని, కుళ్ళిన గుడ్డు వాసన వేసే విషవాయువును వదులుతాయట.

"వాసన పోయిందని సంతోషించకండి. అది ముందు ముక్కునే చంపుతుంది," అంది.

ప్లాంటులో అందరి నడుములకూ మీటర్లున్నాయి. దాచింది హైడ్రోజన్ కాబట్టి అవి హైడ్రోజన్‌కే మోగుతాయి. రెండో గ్యాసు సంగతి ఎవరికీ తట్టలేదు.

అది నేల చీల్చుకుని ఇంటిదాకా వచ్చేసిందా?

"స్టవ్ ముట్టుకోకు!" అని అరిచి అతను హాల్లోకి పరుగెత్తాడు. సోఫా జరిపి నేలలో పగుళ్ళు వెతికాడు.

"ఇక్కడ తగ్గిందిరా," అని వంటింట్లోంచి తల్లి కేకేసింది.

తగ్గిందా, ఆవిడ ముక్కు పోయిందా? ఒక్క ఉరుకున వెళ్ళి భుజాలు పట్టుకున్నాడు.

"అమ్మా, గట్టిగా పీల్చు. వాసనుందా?"

"అబ్బబ్బ, మళ్ళీ కొట్టింది! దీన్నేమన్నా అత్తరనుకున్నావట్రా, గట్టిగా పీల్చడానికి?"

పడగ్గదిలోకి వెళ్ళాడు. వెనకే వచ్చిన కూతురు, "ఇక్కడా ఉంది నాన్నా," అంది. బాత్‌రూములోనూ అదే మాట. పెరట్లోనూ అదే మాట. వాసన ఉందంటే భయం, లేదంటే ఇంకా భయం. కిటికీలన్నీ బార్లా తెరిచాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది.

భార్య మాత్రం అతను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే గుమ్మాల దగ్గర నిలబడి చూసింది.

పొద్దున వండిన అన్నమే చల్లగా వడ్డించింది. అతను యూనిఫాం కూడా మార్చకుండా కూర్చున్నాడు. ముద్ద నోటికి పోలేదు.

"తినగానే బట్టలు సర్దండి," అన్నాడు. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అక్కావాళ్ళింటికి పోదాం."

"కంపు కొడుతోందని ఇల్లొదిలిపెడతారట్రా ఎవరైనా?" అంది తల్లి.

"అమ్మా, నీకు తెలీదు. ఇది మా ప్లాంటులో పుట్టిన విషవాయువు. ఇంట్లో అందరం చచ్చిపోతాం."

భార్య చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. రేపట్నుంచి మీరు ఆ వాల్వుల గదిలోకి దిగడం లేదు," అంది. "మీరు డ్యూటీలో ఉన్నంతసేపూ ఈ ఇంట్లో ఏ వాసనా ఉండదండీ."