పిలిస్తే తీసే తలుపు

తాళాల మేస్త్రీ తెరవలేని తలుపు ఈ భూమ్మీద లేదు. ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం తీసేస్తాను.

అంతటి మేస్త్రీ తన పడకగది ముందే మోకాళ్ల మీద కూర్చుని, తాళం రంధ్రంలో తీగ ఆడిస్తూ చెమటలు కక్కుతున్నాడు. లోపల భార్య అలిగి, వాళ్లమ్మతో వెళ్లిపోవడానికి పెట్టె సర్దుకుంటోంది.

"ఓసారి పిలిచి చూడకూడదా అల్లుడుగారూ?" అంది అత్తగారు.

"ఊరుకోండత్తయ్యా. పిలిస్తే తీసే తలుపుకి మేస్త్రీ ఎందుకు?"

తీగ వంగిపోయింది. ఉలి దింపాడు. తాళం మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది.

"చూశావా! నా దగ్గరా నీ తాళాలు?" అంటూ తలుపు తోశాడు.

భార్య పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నేను తాళం వెయ్యనేలేదు మేస్త్రీ. తలుపు దగ్గరగా వేశానంతే. నువ్వు తీగ తిప్పాకే అది టక్కున పడింది. 'ఏమేవ్' అని ఒక్కసారి పిలుస్తావేమోనని ఇందాకట్నుంచీ చూస్తున్నా."

మేస్త్రీ చేతిలోని తాళం వంక చూశాడు. బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా తట్టాడు.

"ఏమేవ్, లోపలికి రానా?"

పెట్టె మంచం కిందికి చేరింది.

ఆ తట్టడం, పిలవడం మాత్రం నా కల్పన. అతను నిజంగా అన్నది, "అంత గట్టి తాళం బిగించిందెవరనుకున్నావ్!" అని. పెట్టె భార్యతోనే పుట్టింటికి వెళ్లింది.

కత్తెర ఎక్కడుందో చూడండి, మీసం తీయాలి.