ఇరవై నాలుగు పచ్చ చుక్కలు

“మునీశ్వరీ, నీ పోస్టు పర్మనెంట్ అయినట్టేనమ్మా” అని ప్రిన్సిపాల్ నారాయణప్ప గుమ్మంలో నిలబడే చెప్పాడు.

కుప్పం కాలేజీలోని ఆ చిన్న గదిలో మునీశ్వరి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెర మీద ఇరవై నాలుగు పచ్చ చుక్కలు. పన్నెండు పుంగనూరు కాలేజీవి, పన్నెండు మదనపల్లె కాలేజీవి. మూడు కాలేజీలదీ ఒకే యాజమాన్యం. ఆ రెండు ఊళ్ళ కంప్యూటర్లూ జిల్లా వానల లెక్క ఒకదాన్ని పంచుకుని చేస్తున్నాయి. మునీశ్వరి ముందున్న కంప్యూటరు నిమిషానికోసారి వాటిలో ఒక్కొక్కదాన్నీ ‘ఉన్నావా’ అని అడుగుతుంది. ఉన్నానని జవాబొస్తే పచ్చ చుక్క, రాకపోతే ఎర్ర చుక్క. గంటకోసారి ఆ చుక్కలు చూసి రిజిస్టర్లో టిక్కులు పెట్టడం ఆమె ఉద్యోగం.

వంద రోజులుగా ఒక్క ఎర్ర చుక్కా లేదట. జిల్లాలో ఇంకే కాలేజీలోనూ ఇలా జరగలేదట. సాయంత్రం కమిటీ సంతకం పెట్టేస్తుందని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

సంతోషం గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. వంద రోజులు పచ్చ చుక్కలు చూసీ చూసీ ఆమెకు పెరుగన్నంలో కరివేపాకు కనబడినా టిక్కు పెట్టాలనిపిస్తోంది. అయినా ఈ పోస్టు నిలవకపోతే కుప్పంలో కాపురమే నిలవదు. పెళ్ళై మూడు నెలలు. ఒక స్టవ్వు, రెండు స్టీలు గ్లాసులు, కిటికీలోంచి బెంగుళూరు రైలు కనబడే ఒక్క గది. ఆ గది వదిలేస్తే భర్త భానుప్రకాశ్ ఇక్కడ మెస్సు పాలు, తాను పెద్దమండ్యంలో అత్తగారింటి పాలు.

ముందుగా పుంగనూరు సొలొమోనుకు ఫోను చేసింది. అక్కడి పన్నెండింటినీ చూసుకునేది అతనే. అతను నిజంగానే సంబరపడ్డాడు. మాటల్లో మాటగా, తాను వరండాలో కూర్చుని పేపరుతో విసురుకుంటున్నానని, తొమ్మిదికి పోయిన కరెంటు ఇంకా రాలేదని చెప్పుకొచ్చాడు.

మునీశ్వరి గడియారం చూసింది. పన్నెండు దాటింది. తెర చూసింది. పుంగనూరు చుక్కలు పన్నెండూ పచ్చగా ఉన్నాయి.

“అన్నా, కరెంటు లేకుంటే నీ కంప్యూటర్లు నాకు జవాబెట్లా సెప్తాండాయి?”

అవతల పేపరు చప్పుడు ఆగింది.

“నువ్వు కాలేజీలో సదవలేదామ్మా? రానోడి బదులు పక్కనోడు ‘ఎస్ సార్’ అనడా? అట్లే. మా పన్నెండింటి బదులు మదనపల్లెది పలికేటట్టు పెట్టినా. దినామూ కోతే. ఎర్రగా అయితే నీకే గదా మాట.”

ఆమె ఫోను పెట్టేసి మదనపల్లె బాలప్పకు చేసింది. ఆయన పెద్దాయన, తొణకలేదు. తమ ఊళ్ళోనూ కోతలేనని, సొలొమోను అడక్కముందే తానూ అలాంటి ఏర్పాటే చేసుకున్నానని నిదానంగా చెప్పాడు.

“మీ బదులు పలికేది ఎవరు సార్?”

“మీ కుప్పందే గదమ్మా. నీ గదిలో అంతంత బ్యాటరీలు ఉండాయి. మేలుకోనుండేది అదొక్కటే.”

మునీశ్వరి కంప్యూటరు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. నిమిషానికి ఇరవై నాలుగుసార్లు ‘ఉన్నావా’ అని తనను తానే అడుగుకుని, ‘ఉన్నాను’ అని తనకు తానే చెప్పుకుంటూ వంద రోజులు గడిపేసిందది. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఏడుపూ రాలేదు. ఒంటిగంట కాగానే చెయ్యి దానంతటదే రిజిస్టర్లో ఇరవై నాలుగు టిక్కులు పెట్టేసింది.

రెండు గంటలకు పెన్ను కదల్లేదు. ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. సంతకానికి ముందే చెప్పేయాలి. పుంగనూరు నుంచి మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఎవరో చెబుతుంటే తాను వింటున్నట్టు ఉంది.

నారాయణప్ప తింటున్న బొండా పక్కన పెట్టాడు. ఏ ఊరి జవాబు ఏ ఊరికి పోతుందో రెండుసార్లు అడిగాడు. అర్థం కావడానికి ఆమె కాగితం మీద మూడు గళ్ళు గీసి, బాణాలు వేసి చూపించింది. ఆయన ఆ బాణాల వెంట వేలు జరుపుతూ చూశాడు.

“వానల లెక్క జరగనే లేదు సార్” అంది ఆమె.

“వంద దినాల్లో ఎవరన్నా అడిగినారా?”

ఆమె రిజిస్టరు బల్ల మీద పెట్టింది. రేపటి నుంచి రావద్దంటారా అని మెల్లగా అడిగింది.

ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

“రావద్దంటే ఎట్లమ్మా? రేపు పది గంటలకు పదకొండు కాలేజీల ప్రిన్సిపాళ్ళు నీకోసమే వస్తాండారు. ఇన్ని కోతల్లో వంద దినాలు ఎర్ర చుక్క లేదంటే ఏదో మతలబు ఉండాదని వాళ్ళకు తెలీదా? అది ఎట్ల పెట్టుకోవాలో తెలీకనే వస్తాండేది. ఇప్పుడు నాకు సెప్పినావు సూడు, అట్లే వాళ్ళకూ ఈ బొమ్మ గీసి సెప్పు.”