ఊరంతా ఒకటే మోత

ఫోన్ కొట్టెయ్యడం కష్టం కాదు. ఎవరు ఎక్కడ దాచుకున్నారో కనిపెట్టడమే కష్టం. ఆ దొంగకు ఆ కష్టం తీర్చింది ఓ వీడియో గేమ్ సంగీతం.

గేమ్‌లో ఆఖరి రాక్షసుడు వచ్చేముందు మోగేది అది. ఇప్పుడు పిల్లి జారిపడినా, పాలు పొంగినా, మేనమామ కింద కుర్చీ విరిగినా ఇంటర్నెట్‌లో వీడియోకి అదే తగిలిస్తున్నారు. విసుగొచ్చిందంటూనే సగం ఊరు దాన్నే రింగ్‌టోన్‌గా పెట్టుకుంది. కిక్కిరిసిన బస్సులో అతను తన ఫోన్‌లో దాన్ని ఒక్కసారి మోగించేవాడు. ఎవరి ఫోన్ ఎక్కడుందో వాళ్ల చేతులే చూపించేవి.

భార్యకు మాత్రం ఫోన్ కవర్లు అమ్ముతున్నానని చెప్పాడు. మళ్లీ చేతివాటం చూపిస్తే పుట్టింటికి పోతానని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. ఆవిడ అన్నమాట తప్పే మనిషి కాదు.

ఆ రోజు కుడిజేబులో ఒకటి, ఎడమజేబులో ఒకటి, నడుం దగ్గర ఒకటి, సాక్సులో ఒకటి చేరాక, ఖాళీ అయిన సీట్లో కూలబడ్డాడు. పక్కనున్న పెద్దావిడ అతని భుజం మీద తల వాల్చి గురకపెడుతోంది. తల్లి వయసు కదా అని ఆవిడ సంచి జోలికి పోలేదు.

ఉన్నట్టుండి అదే మోత. కొట్టేసినవాటిలో ఏది మోగుతోందోనని కుడిజేబు, ఎడమజేబు, నడుము, సాక్సు వరసగా తడుముకున్నాడు. తీరా చూస్తే మోగుతున్నది ఆవిడ సంచి.

"పిన్నిగారూ, మీ ఫోనండీ."

"నాదేనా బాబూ? ఊరంతా ఒకటే మోత, ఏది ఎవరిదో తెలిసి చావదు," అంటూ ఆవిడ మళ్లీ అతని మీదికే ఒరిగింది.

తన స్టాపు రాగానే ఆవిడ తలను మెల్లిగా కిటికీకి ఆనించి దిగాడు. కాస్త పుణ్యం చేసుకున్నట్టు కూడా అనిపించింది.

ఇంటికొచ్చి చూసుకుంటే కుడిజేబు ఖాళీ. ఎడమదీ అంతే. నడుం దగ్గర ఏమీ లేదు. చొక్కా జేబులో సొంత ఫోనూ లేదు. అప్పుడే అతని కాలు మోగింది.

కూర తరుగుతున్న భార్య తలెత్తి, కాలేమిటి పాడుతోందని అడిగింది. కొత్తరకం కవరని గొణిగి బాత్రూమ్‌లో దూరాడు. తెర మీద కనిపిస్తున్న నంబరు తనదే.

"పిన్నిని బాబూ. దొంగవై ఉండి ఫోన్‌కి తాళం వేసుకోవద్దూ? మిగతావాళ్లవి బస్సులోనే ఇచ్చేశాను. సాక్సులోది పోగొట్టుకున్న పిల్ల నా పక్కనే ఏడుస్తోంది, నంబరు తనే చెప్పింది. చివరి స్టాపుకి నువ్వే పట్టుకొచ్చెయ్, లేకపోతే మీ ఆవిడకి ఫోన్ చేస్తాను. నేనీ పని ఎప్పుడో మానేశాను నాయనా. వేళ్లు బాగానే ఆడుతున్నాయి గానీ, సాక్సు దాకా నడుమే వంగలేదు."